ఎం.ఎస్సీ. తరువాత రెండు దారులు

ఎం.ఎస్సీ. పరీక్షలు ముగిసి ఫలితములు వెలువడు నాటికి విజ్ఞానశాస్త్ర విద్యార్థి యెదుట రెండు దారులు నిలుచును. ఏదేని ప్రయోగశాలలో నెలకింతయని భృతి తీసికొనుచు పని నేర్చుకొనుట ఒకటి. కొంతకాలము పూర్తిగా చదువునకే వినియోగించి, అర్హత పరీక్షలో నెగ్గి, డాక్టరేటు పరిశోధనలో ప్రవేశించుట రెండవది. మొదటి దారిలో మొదటి నెలనుండియే చేతికి డబ్బు వచ్చును. రెండవ దారిలో ఇంటినుండియే డబ్బు తెచ్చుకొనవలెను. చదువుకై చేసిన అప్పు ఇంకను తీరని కుటుంబములలో, తమ్ముల చెల్లెండ్ర ఫీజులు ఎదురుచూచుచున్న ఇండ్లలో, ఇది తీరికగా చర్చించుకొను విషయము కాదు. ఇరువది రెండవ యేటినుండి ఇరువది యెనిమిదవ యేటివరకు గల ఆరు సంవత్సరములు ఎట్లు గడచునో ఈ నిర్ణయముపై ఆధారపడి యుండును.

ఈ విషయమున పెద్దలు చెప్పు మాటలు సాధారణముగ రెండు విధములుగ నుండును. “ముందు నిలదొక్కుకో, చదువు ఎక్కడికి పోదు” అని కొందరందురు. “ఒకసారి జీతము రుచి మరగినవాడు మరల పుస్తకము పట్టడు” అని మరికొందరందురు. రెండింటను కొంత నిజము కలదు. కాని రెండును డబ్బు, చదువు అను రెండు మాటలతోనే లెక్క తేల్చుచున్నవి. ప్రయోగశాల శిక్షణ ఏమి నేర్పును, పరీక్షకు చదువుట ఏమి నేర్పును, డాక్టరేటు పరిశోధన ఏమి కోరును అను మూడు ప్రశ్నలకు విడివిడిగా సమాధానము తెలిసినగాని ఎంపిక సరిగా కుదరదు. ఒక చిన్న ప్రయోగమును తీసికొని ఈ మూడింటిని పరిశీలింతము.

నీలిరంగు ప్రయోగము

రక్తములో భాస్వరము ఫాస్ఫేటు రూపమున నుండును. ఆరోగ్యవంతులైన పెద్దలలో రక్తపు సీరము 100 మిల్లీలీటర్లకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల వరకు అకర్బన ఫాస్ఫేటు భాస్వరము ఉండును. దీనిని కొలుచుటకు, మాంసకృత్తులు తొలగించిన ద్రావణమునకు ఆమ్లమును, అమోనియం మాలిబ్డేటును కలుపుదురు. ఫాస్ఫేటు, మాలిబ్డేటు కలిసి ఒక సంయోగ పదార్థము ఏర్పడును. దానికి తగిన క్షయకరణి చేర్చినచో నీలిరంగు వచ్చును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగ నున్న నీలిమ అంత చిక్కగ నుండును. ఆ రంగు చిక్కదనమును వర్ణమాపకముతో కొలిచి భాస్వరమెంతయో తెలిసికొందురు.

ఈ పద్ధతిని 1925లో ప్రకటించినవారు ఇద్దరు. ఒకరు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో పనిచేయుచుండిన సైరస్ ఫిస్కే. రెండవవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నాటినుండి అది ఫిస్కే–సుబ్బారావు పద్ధతియని పేరొందినది.

శిక్షణ నేర్పునది

ఒక యువతి ప్రయోగశాలలో శిక్షణకు చేరినదనుకొందము. ఆమెకు పై పద్ధతిని అప్పగించిరి. రోజుకు నలుబది నమూనాలు చూడవలెను. మొదటి వారమున ఒకే నమూనాను మూడుమార్లు కొలిచిన మూడు విలువలు వచ్చును. పిపెట్టు పట్టు తీరు సరికాలేదని, రంగు వచ్చుటకు ప్రతి నాళికకు ఒకే సమయమీయలేదని ఆమె క్రమముగ గ్రహించును. ఒకనాడు ఫాస్ఫేటు ఏమియు కలుపని ఖాళీ నాళిక సైతము లేత నీలముగ మారును. విచారింపగా గాజుసామాను కడిగిన సబ్బుపొడిలోనే ఫాస్ఫేటు కలదని తెలియును. మరొకనాడు ఒక నమూనాలో విలువ అమితముగ వచ్చును. చూడగా ఆ రక్తము తీసినప్పుడే ఎఱ్ఱకణములు చితికినవి. వానిలోని ఫాస్ఫేటు సీరములోనికి దిగినది.

ఈ సంగతులు పాఠ్యపుస్తకములలో ఒక్కొక్క వాక్యముగ నుండవచ్చును. కాని చేతికి అనుభవమైనగాని అవి మనస్సున నాటుకొనవు. శిక్షణ నేర్పునది ముఖ్యముగ ఇదియే: ఏ అంకెను నమ్మవలెను, ఏ అంకెను నమ్మరాదు అను వివేకము. దానితోబాటు ప్రయోగ పుస్తకమును ఏనాటిదానాడు వ్రాసికొనుట అలవడును. హైదరాబాదు పరిసరములలోని ఔషధ కర్మాగారముల నాణ్యతా పరీక్షశాలలలో చేరినవారు ఈ అలవాటును మొదటి దినములలోనే నేర్చుకొందురు. అచ్చట తప్పుగ వ్రాసిన అంకెను చెరిపివేయరాదు. దానిపై ఒకే గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వ్రాసి, సంతకము, తేదీ వేయవలెను. ఈ క్రమశిక్షణ తరువాతి జీవితమున పరిశోధకునకు చేయు మేలు ఇంతయని చెప్పరానిది.

అయితే ఈ శిక్షణకు ఒక హద్దు కూడ కలదు. మూడు మాసములలో ఆ పద్ధతి చేతికి పట్టుబడును. నాలుగవ మాసమునుండి అదే పని చేయుచున్నచో నేర్చుకొనుట ఆగి, చేసినదే చేయుట మిగులును. జీతము మాత్రము నెల నెలా వచ్చుచుండుటచే ఈ మార్పు తెలియకయే జరిగిపోవును.

పరీక్షా సన్నాహము నేర్పునది

మరియొక విద్యార్థి అదే కాలమున ఇంటివద్ద గాని, విశ్వవిద్యాలయ గ్రంథాలయమున గాని కూర్చుండి చదువుచున్నాడనుకొందము. అతనికి అదే నీలిరంగు ఒక ప్రశ్నరూపమున ఎదురగును. 100 మిల్లీలీటర్లకు 5 మిల్లీగ్రాముల భాస్వరమున్న ప్రమాణ ద్రావణము 0.40 శోషణ చూపినది, నమూనా 0.28 చూపినది, ఖాళీ నాళిక 0.04 చూపినది. నమూనాలో భాస్వరమెంత?

ఖాళీ నాళిక సంగతి మరచినవాడు 0.28ని 0.40చే భాగించి, 5చే గుణించి 3.5 అని చెప్పును. మరువనివాడు రెండింటినుండి 0.04 తీసివేసి, 0.24ను 0.36చే భాగించి, 5చే గుణించి 3.3 అని చెప్పును. ఈ లెక్కకు ఆధారమైన బీర్–లాంబర్టు నియమము ఏ గాఢత వరకు వర్తించును? అటుపై ఎందుకు వర్తింపదు? నీలి ద్రావణమును కొలుచుటకు ఎఱ్ఱని కాంతిని ఎందుకు వాడుదురు? ఇట్టి ప్రశ్నలకు సమాధానములు వెదకుచు అతడు భౌతిక, రసాయన, జీవశాస్త్రముల మూలసూత్రములను మరల ఒకమారు తిరుగవేయును.

ఇదియు తక్కువ లాభము కాదు. నిత్యము ఒకే పద్ధతితో పనిచేయువానికి శాస్త్రము ఒక కిటికీ గుండా కనిపించును. పరీక్షకై చదువువాడు ఇల్లంతయు తిరిగి చూచును. సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. వారి నెట్ పరీక్షలో జీవశాస్త్ర పత్రము మూడు భాగములుగ నుండును. మొత్తము 200 మార్కులు. సామాన్య తర్కమునకు 30, విషయ పరిజ్ఞానమునకు 70, విశ్లేషణకు 100 మార్కులు కేటాయింపబడినవి. చివరి భాగమున 75 ప్రశ్నలలో 25 ఎంచుకొని వ్రాయవచ్చును. అనగా అన్నియు తెలియనక్కరలేదు. తెలిసినదానిని లోతుగ తెలిసియుండవలెను. ఆ భాగమున ప్రయోగ ఫలితములను చూపి, వానినుండి ఏమి తేలుచున్నదని అడుగు ప్రశ్నలు పెక్కు. ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసినవారికి అట్టి ప్రశ్నలు సులభముగ బోధపడును.

కాని ఈ దారికిని హద్దు కలదు. పరీక్షలో సమాధానము ముందుగనే ఎవరికో తెలిసియుండును. నాలుగింటిలో ఒకటి సరియైనది. నిజమైన పరిశోధనలో ఆ నాలుగు ఉండవు. సమాధానమున్నదో లేదో కూడ తెలియదు. ఏండ్ల తరబడి ప్రశ్నపత్రములతోనే గడపినవానికి ఈ అలవాటు తప్పించుకొనుట కష్టమగును.

డాక్టరేటు కోరునది

ఇక మూడవ ప్రశ్న. డాక్టరేటు పరిశోధన ఏమి కోరును? దీనికి సుబ్బారావు జీవితముకన్న మంచి ఉదాహరణము వేరొకటి దొరకదు.

ఆయన 1895లో జన్మించెను. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో బోస్టను నగరము చేరెను. చేతిలో డబ్బు లేదు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చికిత్సలో డిప్లొమా చదువుచు, పొట్ట పోసికొనుటకు ఒక ఆసుపత్రిలో రాత్రి పనివానిగ కుదిరెను. రోగుల మలమూత్ర పాత్రలు కడుగుట ఆయన పనులలో ఒకటి. తరువాత జీవరసాయన శాఖలో ఫిస్కే వద్ద చేరి, పైన చెప్పిన రంగు పద్ధతిని రూపొందించుటలో పాలుపంచుకొనెను. అప్పటికి ఆయనకు డాక్టరేటు పట్టము లేదు. ఆ పట్టము 1930లో వచ్చినది.

ఈ మధ్యకాలమున జరిగిన సంగతి గమనింపదగినది. పద్ధతి సిద్ధమైన తరువాత దానిని కండరముల సారముపై ప్రయోగించిరి. శుద్ధమైన ఫాస్ఫేటు ద్రావణమునకు రంగు నిర్ణీత సమయములో వచ్చుచుండెను. కండరపు సారమునకు మాత్రము రంగు ఆలస్యముగ వచ్చుచు, నిమిషములు గడచినకొలది చిక్కబడుచుండెను. పని ముగించుటయే ముఖ్యమనుకొనువాడు ఏమి చేయును? ఇంకను కొంతసేపు ఆగి, రంగు నిలకడగ నిలిచిన పిదప అంకె వ్రాసికొని మరియొక నమూనాకు పోవును. ఫిస్కే, సుబ్బారావు అట్లు చేయలేదు. ఆలస్యమునకు కారణమేమియని ప్రశ్నించిరి.

కండరములలో ఫాస్ఫేటు అంతయు విడిగా లేదు. చాల భాగము మరియొక పదార్థముతో బంధింపబడియున్నది. ఆమ్లములో ఆ బంధము మెల్లగ విడిపోవుటచే రంగు మెల్లగ పెరుగుచున్నది అని తేలినది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. దీనిని 1927లో ప్రకటించిరి. కండరము సంకోచించినప్పుడు అది విడిపోవునని, విశ్రాంతిలో మరల ఏర్పడునని తెలిసినది. కండరపు పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నాడు ప్రబలముగ నున్న సిద్ధాంతమును ఈ విషయము కదలించినది. 1929లో వారు కండరములనుండి ఎ.టి.పి. అను పదార్థమును కూడ వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ సైతము దానిని స్వతంత్రముగ కనుగొనెను. జీవకణములన్నింటికి శక్తినందించు నాణెము వంటిదని నేడు ప్రతి పాఠశాల విద్యార్థియు చదువు పదార్థమిదియే.

రంగు ఆలస్యమగుచున్నదని గుర్తించుటకు చేయి కుదురుగ నుండవలెను. చేయి తప్పుచున్నదా, పదార్థమే వేరుగ నున్నదా అని విడదీసి చెప్పగలుగుట దీర్ఘ శిక్షణ ఫలితము. ఆ ఆలస్యము అర్థమగుటకు రసాయనశాస్త్ర పరిజ్ఞానము కావలెను. ఈ రెండును ఉండియు, “ఎందుకు?” అని ఆగి నిలువని యెడల ఫాస్ఫోక్రియాటిను మరియొకరికి దక్కెడిది. ఆ ప్రశ్నను తనదిగ చేసికొని, నెలలు, ఏండ్లు దానిని విడువకుండుటయే డాక్టరేటు కోరు మూడవ గుణము. శిక్షణ చేతికి, పరీక్ష బుద్ధికి పని కల్పించును. ఈ మూడవదానిని ఏదియు నేరుగ నేర్పదు. మంచి ప్రయోగశాలలో, ప్రశ్నించుటకు చోటున్నచోట, అది మెల్లగ అలవడును.

డబ్బు, కాలము: రెండు లెక్కలు

విజ్ఞానశాస్త్రములలో డాక్టరేటు అనగా జీతము లేని చదువని పెక్కు కుటుంబములలో అపోహ కలదు. జాతీయ అర్హత పరీక్ష ద్వారా జూనియర్ పరిశోధక భృతి పొందినవారికి 2023 జనవరి నుండి వర్తించునట్లు నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల తరువాత సీనియర్ స్థాయిలో 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఇంటి అద్దె భత్యము దీనికి అదనము. రెండేండ్లు మొదటి రేటున, మూడేండ్లు రెండవ రేటున లెక్కించిన ఐదేండ్లకు 24 లక్షల రూపాయలగును. యు.జి.సి. 2022 నియమావళి ప్రకారము డాక్టరేటుకు కనీసము 3 సంవత్సరములు, గరిష్ఠముగ 6 సంవత్సరములు వ్యవధి కలదు.

దీనికి ఎదురుగ మరియొక లెక్క వేయవలెను. నెలకు 25,000 రూపాయలిచ్చు పనిని వదలి ఒక యేడు చదువునకే కూర్చున్నవాడు 3 లక్షలు వదలుకొనుచున్నాడు. ఆ యేటి భోజన వసతులు, శిక్షణ కేంద్రపు ఫీజు దీనిపై అదనపు ఖర్చు. భృతి లభించినచో ఈ నష్టము ఏడాదిలోపుననే తీరును. లభింపనిచో మరియొక యేడు, మరియొక 3 లక్షలు. పరీక్షలో భృతికి అర్హులైనవారు వ్రాసినవారిలో కొద్దిమందియే కావున ఈ రెండవ సంభావ్యతను ముందుగనే లెక్కలో వేసికొనవలెను. భృతికి వయోపరిమితి కూడ కలదు. అధ్యాపక అర్హతకు అట్టి పరిమితి లేదు.

ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. ప్రభుత్వ నిధులతో నడచు పరిశోధన పథకములలో ప్రాజెక్టు అసోసియేటు ఉద్యోగమునకు 2020లో నిర్ణయించిన భృతి రెండు విధములుగ నుండెను. జాతీయ స్థాయి పరీక్షలో అర్హత పొందినవారికి 31,000 రూపాయలు. ఇతరులకు 25,000 రూపాయలు. ఒకే బల్లవద్ద ఒకే పని చేయు ఇద్దరికి నెలకు 6,000 రూపాయల భేదము. కావున శిక్షణవైపే మొగ్గువారికి సైతము పరీక్ష వలన ప్రయోజనము లేదనుట పొరపాటు.

పరీక్షావిధానమున 2024లో మరియొక మార్పు వచ్చినది. నెట్ పరీక్ష వ్రాసినవారిని యు.జి.సి. మూడు తరగతులుగ విభజించినది. మొదటి తరగతివారికి భృతి, అధ్యాపక అర్హత, డాక్టరేటు ప్రవేశార్హత మూడును లభించును. రెండవ తరగతివారికి అధ్యాపక అర్హత, ప్రవేశార్హత లభించును. మూడవవారికి ప్రవేశార్హత మాత్రమే. తరువాతి రెండు తరగతులవారి ప్రవేశమున పరీక్ష మార్కులకు 70 శాతము, ఇంటర్వ్యూకు 30 శాతము విలువ ఉండును; ఆ మార్కులు ఒక సంవత్సరమువరకే చెల్లును. అనగా స్వల్పభేదముతో భృతి తప్పిపోయినవానికి ద్వారము పూర్తిగా మూసికొనలేదు. ఆ ద్వారమువద్ద అడుగబోవు మొదటి ప్రశ్న, “మీరు చేసిన ప్రయోగమేమి? ఆ ఫలితమును మీరెందుకు నమ్మినారు?” అనునదే. కుదురైన శిక్షణ పొందినవారు ఇచ్చట తడుముకొనరు.

చేరుటకు ముందు అడుగవలసినవి

భృతితో కూడిన శిక్షణలన్నియు ఒక విధమైనవి కావు. 1957లో హోమీ భాభా ఆధ్వర్యమున ట్రాంబేలో ప్రారంభమైన అణుశక్తి సంస్థ శిక్షణ పాఠశాల ఒక కొస. అచ్చట ఎంపికైనవారికి ఒక సంవత్సరము భృతితో బోధన, అటుపై సంస్థలోనే శాస్త్రజ్ఞుని ఉద్యోగము లభించును. 2005లో ఏర్పడిన హోమీ భాభా జాతీయ సంస్థ మూలమున ఉద్యోగము చేయుచునే డాక్టరేటు సంపాదించుకొను వీలు కూడ కలదు. అట్టిచోట రెండు దారులు ఒకటిగ కలిసియే యున్నవి. పథకము ముగియగనే ముగియు తాత్కాలికోద్యోగము మరియొక కొస. ఈ రెండింటిని “ప్రయోగశాల ఉద్యోగము” అను ఒకే మాటతో పిలుచుట వలన పెక్కుమంది మోసపోవుచున్నారు.

తాత్కాలికోద్యోగములో చేరువారు కొన్ని సంగతులు ముందుగ విచారించుకొనుట మంచిది. పథకమునకు ఇంకెంత కాలము మిగిలియున్నది? ప్రయోగమంతయు మొదటినుండి చివరివరకు చేయనిత్తురా, లేక ఒక్క మెట్టే అప్పగింతురా? ప్రయోగశాలలో వారమునకొకసారి జరుగు చర్చలలో కూర్చుండనిత్తురా? పరీక్షకు ముందు సెలవు దొరకునా? అచ్చటి శాస్త్రజ్ఞుడు డాక్టరేటు విద్యార్థులను చేర్చుకొను అర్హత కలవాడా? అర్హత సంపాదించిన పిదప ఆ పథకపు పనినే డాక్టరేటుకు కొనసాగించు వీలున్నదా? అదే ప్రయోగశాలలో పూర్వము పనిచేసి వెళ్లినవారు ఇప్పుడెక్కడ ఉన్నారు? చివరి ప్రశ్నకు వచ్చు సమాధానము తక్కిన అన్నింటికన్న ఎక్కువ తెలుపును. ఒక ప్రయోగశాలనుండి వెళ్లినవారు ఏటేట పరిశోధనలో ప్రవేశించుచున్నచో అచ్చట భృతి కొంచెము తక్కువైనను చేరవచ్చును. వెళ్లినవారందరు అదే స్థాయిలో మరియొక తాత్కాలికోద్యోగములో చేరుచున్నచో భృతి ఎక్కువైనను ఆలోచించవలెను.

చదువునకే కూర్చుండదలచినవారు తమ్ముతాము అడుగుకొనవలసిన ప్రశ్నలును కలవు. ఎం.ఎస్సీ.లో ఒక ప్రయోగమునైన స్వయముగ, ఇతరుల సాయములేక, చేసి చూచితినా? డాక్టరేటు చేయదలచుట ఒక విషయముపై ఆసక్తిచేతనా, లేక వేరు పని తోచకనా? రెండవదైన యెడల ఒక యేడు ప్రయోగశాలలో పనిచేయుట ఉత్తమమైన పరీక్ష. ఐదేండ్ల పరిశోధన తనకు సరిపడునో లేదో ఒక యేటిలోనే తెలియును. సరిపడదని తెలిసికొనుటయు లాభమే. నాలుగవ యేట తెలిసికొనుటకన్న అది ఎంతయో మేలు.

రెండును ఒకేమారు సాధ్యమా?

పగలు ప్రయోగశాల, రాత్రి పుస్తకము అను మూడవ దారి చాలమందికి తోచును. అది అసాధ్యము కాదు. చంద్రశేఖర వేంకటరామన్ 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగ చేరి, 1917లో విశ్వవిద్యాలయ ఆచార్యుడగువరకు, కచేరీకి పోవుటకు ముందును, కచేరీనుండి వచ్చిన తరువాతను భారత విజ్ఞాన సంవర్ధక సంఘపు ప్రయోగశాలలో పనిచేసెను. అట్టి పట్టుదల అందరికి ఉండదు. ఉండవలెననుటయు న్యాయము కాదు. కాని రోజుకు రెండు గంటల క్రమమైన చదువు ఏడాదికి 700 గంటలకు పైబడును. ఆ గంటలలో ఏనాటికానాడు చేసిన ప్రయోగము వెనుకనున్న సూత్రమును చదివినచో, పని, చదువు ఒకదానికొకటి అడ్డు రాక తోడ్పడును. నీలిరంగు కొలిచినవాడు ఆ రాత్రియే బీర్–లాంబర్టు నియమమును చదివిన, అది మరల మరచిపోడు.

ఈ మూడవ దారికి శత్రువు అలసట కాదు, గడువు లేకపోవుట. “ఈ పథకము కానిమ్ము”, “వచ్చే పరీక్షకు చూతము” అని మూడేండ్లు గడచిపోవుటయే అసలు ప్రమాదము. ఇట్లు గడచిన మూడవ యేటికి వయోపరిమితి దగ్గరపడును. పాఠ్యాంశములు మరపునకు వచ్చును. ఇంటివారు వివాహ ప్రస్తావన తెత్తురు. ఆడపిల్లల విషయమున ఈ ఒత్తిడి మరింత ముందుగ వచ్చును. కావున శిక్షణలో చేరిననాడే విడుచు తేదీని కూడ నిర్ణయించుకొనవలెను. సన్నాహమునకు కూర్చుండిననాడే ఎన్ని ప్రయత్నములో నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయమును ఇంటివారితో చెప్పి యుంచుట మరింత మంచిది. ఎంతకాలమో తెలిసిన నిరీక్షణను ఏ కుటుంబమైనను సహించును. అంతము తెలియని నిరీక్షణయే దుర్భరము.

డాక్టరేటు లేనివారు

చివరగ ఒక్క మాట. డాక్టరేటు రానివాడు శాస్త్రజ్ఞుడు కాడనుట సరికాదు. జపానులోని షిమాజు సంస్థలో పనిచేసిన కోఇచి తనకా ఇంజనీరింగు పట్టభద్రుడు మాత్రమే. ఆయన ఒకనాడు కోబాల్టు పొడిలో పొరపాటున గ్లిసరాలు కలిపెను. ఆ మిశ్రమమును పారవేయక పరీక్షించి చూడగా, పెద్ద అణువులను చితికిపోకుండ లేజరు కాంతితో ఆవిరిగ లేపు మార్గము కనబడినది. దానికి 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగము లభించినది. ఆయనను గొప్పవానిగ చేసినది పట్టమును కాదు, పట్టము లేకపోవుటయు కాదు. పొరపాటున వచ్చిన ఫలితమువద్ద ఆగి చూచుటయే. బోస్టనులో మెల్లగ చిక్కబడుచున్న నీలిరంగు వద్ద సుబ్బారావు ఆగినదియు ఇట్లే.

అయినను తనకాను చూచి డాక్టరేటు అక్కరలేదనుకొనుటయు, సుబ్బారావును చూచి కష్టము లేనిదే విజ్ఞానము రాదనుకొనుటయు సరియైన పాఠములు కావు. విశ్వవిద్యాలయమున బోధింపదలచినవారికి, తమ సొంత పరిశోధన నడుపదలచినవారికి డాక్టరేటు నేడు దాదాపు తప్పనిసరి. నాణ్యతా పరీక్షలలో, పరికరముల నిర్వహణలో, ఔషధముల తయారీలో నైపుణ్యము గడింపదలచినవారికి మంచి శిక్షణయే తిన్నని దారి. ఎటు పోవలెనో ఇంకను తేలనివారు తమకున్న లోపమునుబట్టి నిర్ణయించుకొనవచ్చును. చేయి కుదరనివారు ముందుగ ప్రయోగశాలకు పోవుట మేలు. చేయి కుదిరి, మూలసూత్రములు వెలితిగ నున్నవారు పుస్తకమువద్ద కూర్చుండుట మేలు. ఇంటి పరిస్థితి కూర్చుండనీయనిచో పనిలో చేరి, గడువు పెట్టుకొని, రోజుకు రెండు గంటలు చదువునకు దాచుకొనుట మేలు. జీతము తీసికొనుట చదువును మానుట కాదు. చదువుకై ఒక యేడు జీతము మానుకొనుట సోమరితనమును కాదు. ఏ దారిన పోయినను సంవత్సరము తిరిగి వచ్చునప్పటికి నిరుడు తెలియనిది ఏమి తెలిసినదని తన్ను తాను అడిగికొని, సమాధానము తడుముకొనక చెప్పగలిగినవాడు సరియైన దారిననే యున్నాడు.